ఆశ్చర్యపోయినవారికే ప్రవేశం

నాంచారమ్మకూ ఆమె ఉబ్బసానికీ కాపురం చాలా పాతది. పెనిమిటి మధ్యలో దాటిపోయాడు గానీ ఉబ్బసం మాత్రం ఒక్క పూట కూడా ఆమెను విడిచి ఉండలేదు. మిరపకాయల కళ్ళాల్లో తొడిమలు తీసే పని ఆమెది. ఆ ఘాటుకు కొత్తవాళ్ళు తుమ్ముతారు, కాస్త పాతవాళ్ళు దగ్గుతారు, నాంచారమ్మలాంటి బాగా పాతవాళ్ళు పిల్లికూతలతో ఊపిరి పీలుస్తారు. ఏడాదిలో కొన్నిసార్లు ఆ పిల్లికూతలు కూడా రావడం మానేసి, ఒడ్డున పడ్డ చేపలాగా నోరు తెరుచుకుని కూర్చుండిపోతుంది. అప్పుడు పక్కనే తొడిమలు తీస్తున్న తోడికోడలు పిచ్చమ్మ లేచి, చీర చెంగు దోపుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెడుతుంది.

ఆటో వెళ్ళేది వేములదిన్నె ఏరియా ఆసుపత్రికి. అందులో అత్యవసర విభాగమని ఒక పెద్ద గది ఉంది. అక్కడ ఆకుపచ్చ మాస్కు ముక్కుకు తగిలించి మందు పొగ వదులుతారు. కాసేపటికి నాంచారమ్మ మళ్ళీ మనుషుల్లో పడుతుంది. లేచి, కొంగు దులుపుకుని, "పదవే పిచ్చీ, పొద్దుగూకే లోపల ఇంకో బుట్టెడు తీయొచ్చు" అంటుంది. ఆమె గుమ్మంలో కనబడగానే రోజమ్మ సిస్టరు మాస్కు చేతిలోకి తీసుకునేది. ఏమిటని గానీ ఎందుకని గానీ అడిగేది కాదు.

ఇలా ఎవరూ ఏమీ అడక్కుండానే పని జరిగిపోవడం ఆసుపత్రికి మంచిది కాదని తరవాత తేలింది.

తేల్చినవారు సూపరింటెండెంటు డాక్టర్ చక్రధరబాబుగారు. ఆయన పై ఊళ్ళో ఏదో శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషి. తిరిగివచ్చేటప్పుడు మెడలో పట్టీకి వేలాడే కార్డు, భుజాన నల్లసంచి, నోట్లో 'ఆకస్మికత' అనే మాటతో దిగారు. దిగిన రోజే సిబ్బందినందరినీ నిలబెట్టి ప్రసంగం చేశారు.

"అత్యవసర విభాగము అనగా నేమి? అకస్మాత్తుగా సంభవించు ఆపదలకు మాత్రమే ఉద్దేశింపబడిన విభాగము. మరి ఇచ్చట జరుగుచున్నదేమి? ఏండ్ల తరబడి ముదిరిన చక్కెర, తరతరాల రక్తపోటు, తాతలనాటి ఉబ్బసము వచ్చి మంచములెక్కి కూర్చున్నవి! దీర్ఘకాలికమైనది అత్యవసరము కాజాలదు. అత్యవసరమైనది దీర్ఘకాలికము కాజాలదు. ఈ రెంటినీ ఒకే మంచముపై పరుండబెట్టిన అపరాధము ఇన్నాళ్ళు మనము మోసితిమి."

సిబ్బంది తలలు వంచుకున్నారు. రోజమ్మ సిస్టరు మాత్రం చెయ్యెత్తింది.

"సార్, పాత జబ్బే హఠాత్తుగా ముదిరితేనో?"

"మంచి ప్రశ్న" అన్నారు సూపరింటెండెంటుగారు. "ముదురుట ఆకస్మికము కావచ్చును. కానీ జబ్బు పాతదే. మీరు జబ్బును చూడవలెను సిస్టర్, ముదురును కాదు."

మర్నాడు గుమ్మం పక్కన బోర్డు వెలిసింది. దీర్ఘకాలిక వ్యాధిగ్రస్తులందరూ ప్రతి గురువారము ఉదయము దీర్ఘకాలిక క్లినిక్కునకు హాజరు కావలెననీ, తమ ఆయాసమును, మూర్ఛను, గుండెదడను సాధ్యమైనంతవరకు గురువారమునకు సర్దుబాటు చేసికొని సహకరించగలరనీ దాని సారాంశం.

ఎవరిది పాత జబ్బో, ఎవరిది కొత్త జబ్బో గుమ్మంలోనే తేల్చాలి. ఆ బాధ్యత సెక్యూరిటీ మస్తాన్‌ మీద పడింది. మస్తాన్ మంచివాడు. అందరినీ వరసపెట్టి పిలుస్తాడు. వైద్యం చదవలేదు గానీ గుమ్మం చదివాడు. ఒక పూట ఆలోచించి సులువు కనిపెట్టాడు. కవరుంటే పాత జబ్బు, కవరు లేకపోతే కొత్త జబ్బు.

ఇందులో తిరుగులేదు. మన వైపు మనిషి చెప్పుల్లేకుండా ఆసుపత్రికి వెళతాడేమో గానీ కవరు లేకుండా వెళ్ళడు. ఎప్పుడో పెళ్ళిబట్టలు కొన్న దుకాణం వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరు. దాని నిండా రంగు వెలిసిన మందుచీటీలు, రక్తపరీక్ష కాగితాలు, చుట్టచుట్టిన ఎక్స్‌రేలు. నాంచారమ్మ కవరులో ఉన్న ఎక్స్‌రేను పోయిన సూర్యగ్రహణానికి వీధివీధంతా కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసింది. "నీ ఊపిరితిత్తుల్లోంచి సూర్యుడు భలే కనపడ్డాడు పెద్దమ్మా" అని పిల్లలు మెచ్చుకున్నారు కూడా.

మస్తాన్ సూత్రం ఊళ్ళో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. జనం కవర్లను ఎదురుగా ఉన్న టీకొట్టులో వదిలి, చేతులూపుకుంటూ లోపలికి పోవడం మొదలుపెట్టారు. టీకొట్టు గోడకు మేకులు కొట్టారు. మేకులు చాలక దండెం కట్టారు. హడావుడిలో కవర్లు తారుమారై, షుగరున్న ముసలాయన ఒకడు బాలింతకు రాసిన బలంగోళీలు నెలంతా మింగాడు. ఒంట్లో బాగానే ఉందని చెప్పాడు.

లోపల డాక్టర్లకు ఎవరికే జబ్బో, ఏ మందు వాడుతున్నారో తెలిసేది కాదు. ప్రతివాడూ నిన్ననే పుట్టినట్టు వచ్చి మంచమెక్కేవాడు. సూపరింటెండెంటుగారు ఈ మోసాన్ని పసిగట్టి, రెండో సూత్రం ప్రకటించారు.

"కాగితము దాచవచ్చును. ముఖము దాచలేరు. కొత్త జబ్బు వచ్చినవాడు ఆశ్చర్యపోవును. పాత జబ్బువాడు విసుగుకొనును. కావున ఆశ్చర్యమే అత్యవసరమునకు నిదర్శనము."

గుమ్మంలో బల్ల వేశారు. దాని మీద 'ఆశ్చర్య నిర్ధారణ' అని రాసిన చెక్క నిలబెట్టారు. రోజమ్మ సిస్టరును అక్కడ కూర్చోబెట్టారు. వచ్చిన రోగి కనుబొమలు ఎంత పైకి లేచాయో, నోరు ఎంత తెరుచుకుందో, 'అమ్మో' అన్న మాటలో ఎంత దిగ్భ్రాంతి ఉందో చూసి ఆమె మార్కులు వేయాలి. పాసైతే లోపలికి, ఫెయిలైతే గురువారానికి. మొదటి రోజు ఆమె ఉదారంగా వేసేసింది. సూపరింటెండెంటుగారు తన గదిలో కెమెరా తెరమీద చూసి మెమో పంపారు. 'జాలి మార్కులు వేయరాదు' అని.

పద్ధతి గొప్పగా నడిచింది. ఒకనాడు పాము కరిచిన రైతును మోసుకొచ్చారు. "ఇదివరకెప్పుడైనా కరిచిందా?" అని అడగాలి గనక రోజమ్మ అడిగింది. ఆ అమాయకుడు "పోయినేడు కూడా కరిచిందమ్మా, ఇదే చేలో" అన్నాడు. దీర్ఘకాలిక పాముకాటు కింద లెక్క. సూపరింటెండెంటుగారిని అడిగితే, "పాము వేరైన ఎడల పరిశీలింతము" అన్నారు. అదే పామో వేరే పామో రైతుకు తెలియదు. అతని బావమరిది తెలివైనవాడు. "వేరేదేనండీ, పోయినేటిది మేమే చంపాం" అన్నాడు. అప్పుడు రానిచ్చారు.

ఇంకోనాడు నొప్పులు పడుతున్న గర్భిణి వచ్చింది. కనుబొమలు ముడిపడ్డాయి గానీ పైకి లేవలేదు. ఆమె అత్తగారు నెలలు నిండాయని చెప్పి కొంప ముంచింది.

"నెలల నుంచి తెలిసిన విషయమే గదా ఇది" అన్నారు సూపరింటెండెంటుగారు కెమెరాలోంచి చూసి, మైకులో. "ఇందులో ఆశ్చర్యమేమున్నది?"

బల్ల ముందు జరిగే ఈ తర్కమేదీ పట్టని బిడ్డ అక్కడే బెంచీ మీద పుట్టాడు. కవలలు. రెండోవాడు బయటికి రాగానే తల్లీ అత్తా ఇద్దరూ నోరు తెరిచారు. ఆ రెండోవాడికి మాత్రం పూర్తి మార్కులు పడి, లోపల మంచం దొరికింది. మొదటివాడు బెంచీ మీదే ఉన్నాడు.

ఆ బల్ల పడ్డాక నాంచారమ్మకు మొదటిసారి ఆయాసం ముంచుకొచ్చింది. పిచ్చమ్మ దారంతా ఆటోలో చెబుతూనే ఉంది.

"అక్కా, కళ్ళు పెద్దవి జెయ్యాల. నోరు తెరవాల."

నోరు తెరిచే ఉంది. నాంచారమ్మ చేత్తో చూపించింది.

"అట్టా కాదు. అది గాలికోసం తెరిచినట్టుంది. ఇదేందిరా దేవుడా అన్నట్టు తెరవాల."

గుమ్మంలో మస్తాన్ బాధగా చూశాడు. "ఏందత్తా, మళ్ళా వచ్చిందా?" అన్నాడు. ఆ 'మళ్ళా' అన్న మాట బల్ల మీది మైకులోకి పోయింది. నాంచారమ్మ రోజమ్మ ముందు నిలబడింది. ఆమె ముఖంలో బాధ ఉంది, అలసట ఉంది, ఎరిగిన చుట్టం మళ్ళీ వస్తే ఉండే ఓర్పు ఉంది. ఆశ్చర్యం మాత్రం మందుకైనా లేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన దాన్ని చూసి ఎవరు ఆశ్చర్యపోతారు?

రోజమ్మ పెన్ను పట్టుకుని దిక్కులు చూసింది. అప్పుడు పిచ్చమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఒక్క కేక వేసింది.

"ఓరి నాయనోయ్! మా అక్కకేందో అయిందిరోయ్! పొద్దున సద్దన్నం తిని నవ్వుకుంటా వచ్చిన మనిషి! ఇట్టాంటిది నా జన్మలో చూళ్ళేదురోయ్!"

ఆ కేకకు లోపల మంచాలమీదున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. రోజమ్మ ఇదే సందని, రోగి తరఫు ఆశ్చర్యం కింద నిండుగా మార్కులు వేసి మాస్కు పెట్టేసింది. నాంచారమ్మ గట్టెక్కింది. కానీ ఆ సాయంత్రమే కొత్త బోర్డు పడింది. రోగి బదులుగా బంధువులు ఆశ్చర్యపడుట చెల్లదు, ఎవరి ఆశ్చర్యము వారే తెచ్చుకొనవలెను.

దాంతో రెండోసారి కుదరలేదు. మస్తాన్ పిచ్చమ్మను గేటు బయటే ఆపేశాడు. నాంచారమ్మ ఒక్కతీ బల్ల దాకా నడిచింది. కనుబొమలు లేపాలని చూసింది. ఊపిరికే సరిపోని బలం కనుబొమలకెక్కడిది? ఫెయిలయింది. రోజమ్మ కళ్ళనిండా నీళ్ళతో "గురువారం రా పెద్దమ్మా" అంది. ఆ రోజు శుక్రవారం.

పిచ్చమ్మ ఆమెను ఆటోలో పడుకోబెట్టి వీధిచివరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను సూది వేశాడు. సరిగ్గా పనిచేయలేదు. ఇంకోటి వేశాడు. ఎలాగో గట్టెక్కింది. గోడకానుకుని, గొంతులో పిల్లికూతలు కాస్త సర్దుకున్నాక ఆమె నెమ్మదిగా అంది.

"పిచ్చీ, ఈసారొస్తే మాస్కు లేకపోతే నేను పోతానే."

"పోతావు పోతావు. నీ వాటా తొడిమలు ఎవుడు తీస్తాడంట?" అని పిచ్చమ్మ కసిరింది గానీ, తల అవతలికి తిప్పుకుంది.

ఏం చేయాలి? ఆశ్చర్యం అమ్మే కొట్టు ఊళ్ళో లేదు. కానీ నేర్పే మనిషి దొరికాడు. టీకొట్టు బల్ల మీద ఎప్పుడూ కూర్చునే కాశీపతి ఒకప్పుడు పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. ఇప్పుడతనికి షుగరు. పరిషత్తు నాటకాల్లో తెచ్చుకున్న కప్పులు ఇంట్లో బియ్యం కొలవడానికి వాడుతున్నారు. ఆసుపత్రి బల్ల పడిన మర్నాడే అతను వెళ్ళి, కిరీటం లేకుండానే ఆశ్చర్యపోయి, పూర్తి మార్కులతో లోపలికి వెళ్ళొచ్చాడు. అంతే, జనం అతని చుట్టూ మూగారు. టీకొట్టు వెనక వేపచెట్టు కింద ఆశ్చర్యపు పాఠాలు మొదలయ్యాయి.

"ఆశ్చర్యం కళ్ళల్లో పుట్టకూడదు" అనేవాడు కాశీపతి గంభీరంగా. "బొడ్డు దగ్గర పుట్టాల. అక్కణ్ణించి గుండెల్లోకి రావాల. గుండెల్లోంచి కనుబొమల్లోకి ఎగరాల. ఏదీ, గుండెజబ్బువాళ్ళు ముందు చెయ్యండి. మెల్లిగా."

గుండెజబ్బువాళ్ళు చేశారు. మోకాళ్ళనొప్పులవాళ్ళు చేశారు. వణుకుజబ్బు ముసలమ్మ ఒకామె అద్భుతంగా చేసింది. రోడ్డున పోయేవాళ్ళు, ఇంతమంది చెట్టుకింద కూర్చుని ఒక్కసారిగా 'హా!' అనడం చూసి, తాము కూడా ఆగి ఆకాశంలోకి చూసి పోయేవారు. నాంచారమ్మ ఒక్కతే రాలేదు దారికి.

"ఏందమ్మా ఆ మొహం? నీ ఇంటికి రాజుగారు నడిచొచ్చాడనుకో!"

నాంచారమ్మ అనుకుంది. ఆమె ముఖం మారలేదు.

"మరేం అనుకున్నావు?"

"వస్తే కూర్చోబెట్టి మంచినీళ్ళిద్దామనుకున్నానయ్యా."

"నీ మిరపకాయలు బంగారమైపోయినై అనుకో!"

"తొడిమలు కూడా బంగారమేనా?"

"అవును!"

"అయితే తీయడం ఇంకా కష్టమే."

కాశీపతి కిరీటం పడిపోయిన రాజులా కూర్చుండిపోయాడు. "చిన్నమ్మా, మీ అక్క ఎప్పుడన్నా దేనికైనా ఆశ్చర్యపోయిందా?" అని పిచ్చమ్మనడిగాడు.

"మా బావ పోయిన్నాడు కూడా, రేపటి బువ్వకు బియ్యం ఏరాలని లేచింది" అంది పిచ్చమ్మ. "ఎన్ని చూసుద్ది అది? ఆశ్చర్యం మొహంలోనే అరిగిపోయింది."

ఇలా పాఠాలు సాగుతుండగా, ఆసుపత్రిలో అత్యవసర విభాగం ఖాళీ అయిపోయింది. మంచాల మీద తెల్లదుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఆశ్చర్యం రాని వాళ్ళు రావడం మానేశారు. వచ్చినవాళ్ళు ఫెయిలై, గురువారం రోజు వరండాలో పట్టక మెట్ల మీద కూర్చుని, ఆ మెట్ల మీదే కొత్త జబ్బులు తెచ్చుకున్నారు. ఈ ఖాళీ సంగతి పైకి ఘనంగా వెళ్ళింది. దాన్ని చూడడానికి ఒక ప్రత్యేకాధికారి గారు జీపులో వచ్చారు.

"రోగులేరండీ?" అని అడిగారు ఆయన, గది మధ్య నిలబడి.

"లేరండి" అన్నారు చక్రధరబాబుగారు వినయంగా. "అదే మా విజయము."

"పోయిన నెల?"

"పోయిన నెల కొద్దిగా లేరండి. ఈ నెల బొత్తిగా లేరండి."

ప్రత్యేకాధికారి గారు సంతోషించారు గానీ, ఆయనకొక ఫొటో కావాలి. ఖాళీ మంచాల ఫొటో తీస్తే ఖాళీ మంచాలనుకుంటారు. పాత రోగి ఒకరు ఈ పద్ధతివల్ల బాగుపడ్డట్టు కనబడాలి. సూపరింటెండెంటుగారు మస్తాన్‌ను పరుగెత్తించారు. మస్తాన్ టీకొట్టు వెనకనుంచి మొదట చేతికి దొరికిన నాంచారమ్మను పట్టుకొచ్చాడు. ఆ రోజు ఆమెకు ఆయాసం లేదు. నోటి చుట్టూ వక్కాకు ఎర్రదనంతో నిమ్మళంగా ఉంది.

"ఏమ్మా, ఇదివరకు తరచుగా వచ్చేదానివా?" అన్నారు ప్రత్యేకాధికారి.

"ఆయాసం వచ్చినప్పుడల్లా వచ్చేదాన్నయ్యా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు వచ్చినా రానీరయ్యా."

"రావలసిన అవసరమే రావడం లేదంటున్నదండి" అని అనువదించారు చక్రధరబాబుగారు.

"ఉబ్బసము ఎట్లున్నది?"

"ఎట్టుండుద్దయ్యా, ఉంది."

"నిలకడగా ఉన్నదంటున్నదండి."

ప్రత్యేకాధికారి గారు కళ్ళు తుడుచుకున్నారు. మందు లేకుండా, మంచం లేకుండా, కేవలం ఒక ఉత్తర్వుతో ఉబ్బసం నిలకడ పడడం తన ఉద్యోగ జీవితంలో చూడలేదన్నారు. అక్కడికక్కడే నాంచారమ్మకు 'ఆదర్శ ఆకస్మిక రోగి' అని ఒక కార్డు ఇప్పించారు. దాని మీద ఆమె ఫొటో, పేరు, జబ్బు, అది ఎన్నేళ్ళనుంచి ఉందీ, కింద సూపరింటెండెంటుగారి సంతకం, ముద్ర. ఎర్ర పట్టీ కట్టి సూపరింటెండెంటుగారే మెడలో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక ఆమెకు ఏ అడ్డూ ఉండదని మస్తాన్ స్వయంగా చెప్పాడు.

ఆ రాత్రి నాంచారమ్మ ఎన్నాళ్ళకో నిద్రపోయింది. కార్డును రవిక లోపలి సంచిలో వక్కాకుతో పాటు దాచుకుంది. "ఇంక పోనులేవే పిచ్చీ" అంది.

"మొన్న పోతానని ఏడిపిచ్చావు, ఇయ్యాల పోనని మురిపిస్తన్నావు. ముందు పడుకో."

చివరి కోత మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి లారీలకెత్తే రోజు వచ్చింది. బస్తాలు విదిలిస్తుంటే ఎర్రటి దుమ్ము మనిషిని మనిషి కనబడనంత లేచింది. నాంచారమ్మ కళ్ళం మధ్యలో కూర్చుండిపోయింది. ఈసారి పిల్లికూతలు మొదలవకుండానే ఆగిపోయాయి. పెదవులు నీలంగా మారాయి. పిచ్చమ్మ ఆమెను ఒళ్ళో వేసుకుని ఆటోలో కూర్చుంది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడని పిచ్చమ్మను ఆటోవాడు అద్దంలో చూసి, ఇంకాస్త తొందరగా పోనిచ్చాడు.

గేటు దగ్గర పిచ్చమ్మ కార్డును పైకెత్తి పట్టుకుంది. మస్తాన్ దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతని ముఖం వాడిపోయింది.

"ఇది కుదరదు చిన్నత్తా."

"ఏం కుదరదు? మీ పెద్దసారే మెళ్ళో ఏశాడు గదా!"

"ఏశారు. ఇందులో ఏం రాసుందో చూడు. ఉబ్బసం. ఇన్నేళ్ళనించి. సూపరింటెండెంటుగారి సంతకం. అంటే పాత జబ్బని ఆయనే ఒప్పుకున్నట్టు. పాత జబ్బోళ్ళు గురువారం రావాల."

"మరి కార్డెందుకిచ్చారయ్యా?"

"అత్త ఆదర్శం గనక."

"ఆదర్శాన్ని లోపలికి రానీరా?"

మస్తాన్‌కు నిజంగానే జాలి వేసింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆసుపత్రికి రావడం మానేసినందుకే గదా అత్త ఆదర్శం అయింది. మళ్ళా వస్తే ఇంక ఆదర్శం ఎట్టయిద్ది? అందుకని కార్డు ఉన్నవాళ్ళు ఎప్పుడూ రాకూడదు. కార్డు లేనివాళ్ళయితే ఆశ్చర్యపోయి రావొచ్చు."

ఒళ్ళో వాలిపోయి ఉన్న నాంచారమ్మ ఈ మాటలు వింది. మొదట సరిగా వినలేదనుకుంది. తల కాస్త ఎత్తి మస్తాన్ వైపు చూసింది. బోర్డు వైపు చూసింది. తన ఫొటో తనవైపే చూస్తున్న కార్డు వైపు చూసింది. గుమ్మం లోపల, నలగని తెల్లదుప్పట్లతో బారులు తీరి ఉన్న ఖాళీ మంచాల వైపు చూసింది.

అప్పుడు ఆమె బొడ్డు దగ్గర ఏదో పుట్టింది. అది గుండెల్లోకి వచ్చింది. గుండెల్లోంచి ఎగిరింది. ఏళ్ళ తరబడి కదలని కనుబొమలు రెండూ నుదుటి మీదికి పాకి, జుట్టును తాకాయి. కళ్ళు ఇంతింత అయ్యాయి. ఊపిరి లేని గొంతులోంచి, ఎక్కడిదో ఏమో, ఒక్క 'ఆఁ!' వచ్చింది.

మస్తాన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"సిస్టరూ! ఆశ్చర్యపోయింది! నాంచారత్త ఆశ్చర్యపోయింది! తలుపు తియ్యండి, నిజంగా పోయింది!"

రోజమ్మ సిస్టరు మార్కులు వేయడానికి ఆగలేదు. బల్ల తోసేసి వచ్చింది. ఆమే మస్తానూ కలిసి నాంచారమ్మను ఎత్తి మంచం మీద వేశారు. తెల్లదుప్పటి ఎర్రటి మిరపదుమ్మయింది. ఆకుపచ్చ మాస్కు ముక్కుకు తగిలింది. మందు పొగ లేచింది. పిచ్చమ్మ ఆమె పాదాలు రెండు చేతులతో రుద్దుతూ, ఎవరినో తిడుతూ, మళ్ళీ రుద్దుతూ ఉంది. చాలాసేపటికి పొగలోంచి సన్నగా, పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక పిల్లికూత వచ్చింది. దాని వెనక ఇంకోటి. పిచ్చమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

సూపరింటెండెంటుగారు కెమెరాలో అంతా చూసి పరుగున వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అద్భుతము! ఇంతటి స్వచ్ఛమైన ఆశ్చర్యము ఈ విభాగ చరిత్రలో నమోదు కాలేదు. ఇరవై ఏండ్ల దీర్ఘకాలిక రోగిని మన పద్ధతి ఆకస్మిక రోగిగా మార్చినది! ఏమమ్మా, ఇంత ఆశ్చర్యము నీకెట్లు కలిగినది? ఎవరివలన?"

నాంచారమ్మ మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"తమరి వల్లేనయ్యా."

ఆయన సిగ్గుపడ్డారు. అంతా ప్రభుత్వము వారి చలవ అన్నారు. ఆ మాట వార్షిక నివేదికలో రాయాలని రోజమ్మకు చెప్పి, ప్రత్యేకాధికారి గారికి ఫోను చేయడానికి తొందరగా వెళ్ళిపోయారు.

పొగ తగ్గింది. నాంచారమ్మ దిండుకు ఆనుకుని, గాలిని కొత్తగా దొరికిన వస్తువులా నెమ్మదిగా లోపలికి తీసుకుంటోంది. ఇంతలో ఏదో గుర్తొచ్చి ఆమె ముఖం మళ్ళీ దిగులుపడింది.

"పిచ్చీ, ఈసారంటే అయింది. మళ్ళా వచ్చినప్పుడు ఎట్టానే? చూసిందే చూస్తే నాకు ఆశ్చర్యం రాదే."

పిచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి, అక్క జుట్టులోంచి మిరపగింజ ఒకటి ఏరి పారేసింది.

"నీకెందుకక్కా ఆ దిగులు? నువ్వు మళ్ళా వచ్చే లోపల వాళ్ళే కొత్తది ఇంకోటి చేసిపెడతార్లే."